పెట్టుకోవడం వేరు, పెట్టించడం వేరు

ఆదివారం పొద్దున ఆరింటికి హైదరాబాదు నానక్‌రాంగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నిలబడండి. 2023 అక్టోబరు 1న తెరిచిన సైకిల్ ట్రాక్ అక్కడుంది. తెరిచినప్పుడు 23 కిలోమీటర్లు. నెత్తిన సోలార్ పలకల కప్పు, కింద నున్నటి దారి, మోటారు బండి లోపలికి రాదు. ఆ దారిన పోయేవాళ్లలో దాదాపు ప్రతి తలకీ హెల్మెట్ ఉంటుంది. మంచిదే. అక్కణ్ణుంచి బస్సెక్కి ఓ గంట దూరం పోయి, హైవే పక్కన ఏదో ఒక ఊళ్లో దిగండి. రెండువైపులా పాలక్యాన్లు వేలాడేసుకుని ఒకాయన, పుస్తకాల సంచి క్యారేజీకి బిగించుకుని ఒక అమ్మాయి, హ్యాండిల్‌కి అన్నం క్యారియర్ తగిలించుకుని ఒక తాపీమేస్త్రి, తారు అంచున, పక్కనున్న ఎర్రమట్టిలోకి జారీ జారకుండా తొక్కుకుంటూ వస్తుంటారు. వాళ్ల మోచేతులను రాసుకుంటూ పది టైర్ల లారీ పోతుంది. ఒక్క తలకీ హెల్మెట్ లేదు.

లారీ రాని చోట హెల్మెట్ ఉంది. లారీ వచ్చే చోట తువ్వాలు ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ తిరకాసు గురించే మీతో మాట్లాడాలని కూర్చున్నాను.

సైకిల్ తొక్కేవాళ్లు హెల్మెట్ పెట్టుకోవాలా వద్దా అని ప్రపంచంలో ముప్ఫై అయిదేళ్లకు పైగా తగాదా నడుస్తోంది. ఒకవైపు డాక్టర్లు, ఇంకోవైపు చాలామటుకు సైకిల్ సంఘాలవాళ్లు. రెండువైపులా లెక్కలు తెలిసినవాళ్లే, రెండువైపులా మంచి కోరేవాళ్లే. అయినా తెగలేదు. ఎందుకంటే ఇద్దరూ జవాబు చెబుతున్నది ఒకే ప్రశ్నకు కాదు. మన తెలుగు క్రియ ఈ చిక్కును చిటికెలో విడదీస్తుంది. పెట్టుకోవాలా అన్నది ఒక ప్రశ్న. పెట్టించాలా అన్నది ఇంకొకటి. మొదటిది మీ తలకు సంబంధించింది, రెండోది పోలీసు చలానాకు సంబంధించింది. మొదటిదానికి నా జవాబు ఔను, ఈ పూటే. రెండోదానికి నా జవాబు వద్దు, ముందు రోడ్డు సంగతి తేల్చండి అని. ఈ రెండు జవాబులూ ఒకే నోట, ఒకే గట్టి గొంతుతో చెప్పగలవాళ్లు కావాలి. మా తరం చెప్పలేదు. మీరు చెప్పాలి.

మా తరం సంగతి ఎత్తాను కాబట్టి నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ఇంటర్ చదివే రోజుల్లో గంటకు అర్ధరూపాయి అద్దె సైకిల్ తీసుకుని నేనూ నా స్నేహితుడూ డబుల్స్ పోయేవాళ్లం. నేను తొక్కేవాణ్ణి, వాడు వెనక క్యారేజీ మీద రెండు కాళ్లూ ఒకవైపుకు వేసి కూర్చునేవాడు. ఓ వాన సాయంత్రం, సినిమాకు టైమైపోతోందని వంతెన దిగుడులో బ్రేకు పట్టకుండా వదిలేశాను. కింద నీళ్లు నిలిచి ఉన్నాయి. నీళ్లు కనిపించాయి, నీళ్లకింద గుంట కనిపించలేదు. ముందు చక్రం దిగబడింది. నాకు మోకాలు చెక్కుకుపోయింది, అంతే. వాడు వెల్లకిలా పడ్డాడు. తల వెనకభాగం కాలవగట్టు రాయికి తగిలింది. రక్తం కూడా పెద్దగా రాలేదు. లేచి చొక్కా దులుపుకుని, ‘‘పదరా, ఈపాటికి న్యూస్‌రీలు అయిపోయుంటుంది’’ అన్నాడు. ఆ రాత్రి మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. డిగ్రీ చదివాడు, ఉద్యోగం చేశాడు, రిటైరయ్యాడు. పోయింది ఒక్కటే. వాసన.

తల వెనక గట్టి దెబ్బ తగిలితే పుర్రెలో మెదడు ఒక్క ఊపు ఊగుతుంది. ఆ ఊపులో ముక్కు పైకప్పులోంచి మెదడుకు పోయే సన్నటి నరాల పోగులు పుటుక్కున తెగిపోవచ్చు. వాడికి తెగాయి, మళ్లీ అతుక్కోలేదు. ఆవకాయ కలిపితే ఘాటు తెలుస్తుంది, ఎందుకంటే ఘాటు తెలిపే నరం వేరు. ఆవకాయ వాసన తెలియదు. తొలకరి మట్టి వాసన తెలియదు. కూతురు పుట్టినప్పుడు పొత్తిగుడ్డల్లోని ఆ వాసన కూడా తెలియలేదు. పొయ్యిమీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతున్నా పక్కగదిలో నిమ్మళంగా పేపరు చదువుకుంటాడు. గ్యాస్ సిలిండర్ మార్చిన రోజు వాళ్లావిడ ఇల్లు కదలదు. నలభై ఏళ్లు దాటింది. ఆ సాయంత్రం లారీ లేదు, బస్సు లేదు, ఇంకొకడి తప్పు లేదు. పరుగెత్తే మనిషికంటే కాస్త ఎక్కువ వేగం, అంతే.

హెల్మెట్ పనికొచ్చేది సరిగ్గా అలాంటి సాయంత్రమే. కొత్త టీవీ కొన్నప్పుడు అట్టపెట్టెలో తెల్లటి థర్మోకోల్ దిమ్మెలు వస్తాయి కదా, సైకిల్ హెల్మెట్ లోపల ఉండేది ఆ జాతిదే, ఇంకాస్త గట్టి రకం, పైన పల్చటి ప్లాస్టిక్ తొడుగు. తల నేలకు తగిలినప్పుడు అది నలుగుతుంది. నలుగుతూ, తల ఆగడానికి పట్టే సమయాన్ని సెకనులో వెయ్యో వంతులు కొన్ని పెంచుతుంది. మెదడుకు ఆ కొన్నే చాలు. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం పరీక్షించేటప్పుడు, హెల్మెట్ తొడిగిన బొమ్మ తలను సుమారు మీటరున్నర ఎత్తునుంచి ఇనుప దిమ్మె మీద పడేస్తారు. తగిలే వేగం గంటకు 19.5 కిలోమీటర్లు. సైకిల్ మీద కూర్చున్న మనిషి ఒరిగి పడితే తల నేలను తాకే వేగం కూడా అటూఇటుగా అదే. ఒకసారి నలిగిన థర్మోకోల్ మళ్లీ పొంగదు కాబట్టి, గట్టిగా పడ్డ హెల్మెట్ పైకి చెక్కుచెదరకుండా కనిపించినా పారేయాల్సిందే. ఇక గంటకు 60 మీద వచ్చే లారీ అంటారా, దానికి హెల్మెట్ దగ్గర జవాబు లేదు. వేగం మూడింతలైతే దెబ్బలో శక్తి తొమ్మిదింతలు. ఫిజిక్సు మీకు నాకంటే బాగా తెలుసు.

అసలు ఈ శాస్త్రానికి మూలం ఇద్దరు సైకిల్ కుర్రాళ్లే. 1935 మే 13న ఇంగ్లండులోని డార్సెట్‌లో ఒకాయన మోటారు సైకిల్ మీద ఇంటికి వెళ్తున్నాడు. దారిలో ముందు ఇద్దరు పిల్లలు సైకిళ్ల మీద పోతూ కనిపించారు. వాళ్లను తప్పించబోయి ఎగిరిపడ్డాడు. ఆరు రోజులకు పోయాడు. 46 ఏళ్లు. అరేబియా ఎడారి యుద్ధాలతో పేరు మోగిన టి.ఇ. లారెన్స్ ఆయనే, ఆయన మీద పెద్ద సినిమా కూడా వచ్చింది. పెద్ద బండిమీదున్నవాడు చిన్న బండిని కాపాడబోయి తాను పడ్డాడు. మన రోడ్లమీద ఈ వరస ఎన్నడైనా చూశారా? ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే నరాల సర్జన్ ఉన్నాడు. ఆస్ట్రేలియాలో పుట్టినవాడు. ఆ చావు ఆయన్ని వదల్లేదు. మోటారు సైకిల్ మీద సైనిక వార్తలు మోసేవాళ్ల తలగాయాలు లెక్కగట్టి 1941లో హెల్మెట్ అవసరం గురించి వ్యాసం రాశాడు. బ్రిటిష్ సైన్యం అదే ఏడాది తన మోటారు సైకిల్ రౌతులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది.

సైకిల్ హెల్మెట్ లెక్కలు ఆ తర్వాత చాలా కాలానికి వచ్చాయి. 1989లో సియాటిల్ డాక్టర్ల అధ్యయనం ఒకటి, హెల్మెట్ వల్ల తలగాయాల ముప్పు 85 శాతం తగ్గుతుందని చెప్పింది. అది మరీ ఎక్కువ చెప్పిందని తర్వాత చాలామంది తప్పుపట్టారు. 2016లో ఒలివియర్, క్రెయిటన్ అనే పరిశోధకులు 40 అధ్యయనాలను, గాయపడ్డ 64,000 మందికి పైగా సైక్లిస్టుల వివరాలను కలిపి చూశారు. మొత్తం తలగాయాల ముప్పు 51 శాతం, తీవ్రమైన తలగాయాల ముప్పు 69 శాతం తక్కువని తేల్చారు. 85 వదిలేయండి, 51 పట్టుకోండి. ఈఏపీసెట్‌లో నెగ్గడానికి రాత్రీపగలూ చదివి నింపుకునేది ఆ తలలోనే కదా, దానికి సగం ముప్పు తప్పిస్తానంటే ఇంకేం బేరం?

ఇక రెండో ప్రశ్న. పెట్టించడం.

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1990 జులై 1న సైకిల్ హెల్మెట్‌ను చట్టం చేసింది, ప్రపంచంలో మొదటిసారి. రెండేళ్లలో దేశమంతా పాకింది. తలగాయాలు తగ్గాయి. సైకిల్ తొక్కే హైస్కూలు పిల్లలూ తగ్గారు. తగ్గిన గాయాల్లో హెల్మెట్ వాటా ఎంత, తొక్కడం మానేసినవాళ్ల వాటా ఎంత అని నేటికీ లెక్కలు తేల్చుకుంటూనే ఉన్నారు. మెల్‌బోర్న్‌లో 2010లో పెట్టిన అద్దె సైకిళ్ల పథకం 2019లో మూతపడింది. కారణాల్లో ఒకటి హెల్మెట్: ఉన్నపళంగా సైకిల్ తీసుకుని పోదామనుకునేవాడు జేబులో హెల్మెట్ పెట్టుకు తిరగడు కదా. అక్కడ చదువుకుంటూ రాత్రిళ్లు సైకిల్ మీద భోజనాలు చేరవేసే మన పిల్లల్ని అడగండి, హెల్మెట్ లేకుండా దొరికితే జరిమానా రెండొందల డాలర్లు దాటుతుందని చెబుతారు. ఒక రాత్రి సంపాదన గోవిందా.

ఆ 85 శాతం లెక్క పుట్టిన సియాటిల్‌లో ఏమైందో చూడండి. ఆ ఊరున్న కింగ్ కౌంటీ 2022 ఫిబ్రవరిలో సైకిల్ హెల్మెట్ చట్టాన్ని ఎత్తేసింది. ఇల్లు లేక వీధిన పడ్డవాళ్లకు, నల్లజాతివాళ్లకే టికెట్లు ఎక్కువగా పడుతున్నాయని బయటపడింది. పెట్టుకోమని చెప్పడం మానలేదు, జరిమానా మానింది. జపాన్ 2023 ఏప్రిల్ నుంచి అన్ని వయసులవాళ్లూ సైకిల్ హెల్మెట్ పెట్టుకునే ప్రయత్నం చేయాలని చట్టంలోనే రాసి, శిక్ష మాత్రం రాయలేదు. చట్టం ఇంత మర్యాదగా కూడా మాట్లాడగలదు!

మన దగ్గర హెల్మెట్ తప్పనిసరి చేసే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 మోటారు సైకిళ్లకే. అక్కడ చట్టం ఉండాల్సిందే, నాకు రెండో మాట లేదు. 2022లో దేశంలో రోడ్లమీద పోయిన 1,68,491 మందిలో 50,029 మంది హెల్మెట్ లేకుండా మోటారు సైకిళ్ల మీద ఉన్నవాళ్లేనని కేంద్ర రవాణా శాఖ లెక్క. అయినా ఏం చూస్తున్నాం? హెల్మెట్ మోచేతికి వేలాడుతుంటుంది, ట్యాంకు మీద కూర్చుని ఉంటుంది, కెమెరా ఉన్న సెంటర్ రాగానే తలమీదికి ఎక్కి, దాటగానే దిగుతుంది. తలకోసం పెట్టుకోవాల్సింది ఫొటోకోసం పెట్టుకుంటున్నాం. పెట్టించడంలో వచ్చే తంటా ఇదే. సైకిల్‌కు కూడా ఇదే చట్టం తేవాలని రేపు ఏ పెద్దమనిషికైనా బుద్ధి పుట్టిందనుకోండి, మొదటి చలానా ఎవరికి పడుతుంది? సోలార్ కప్పు కింద తొక్కేవాళ్లకు పడదు, వాళ్లకు హెల్మెట్ ఉంది. పాలాయనకు పడుతుంది. తాపీమేస్త్రికి పడుతుంది.

పుస్తకాల సంచి బిగించుకున్న ఆ అమ్మాయికి పడుతుంది. అది నేను ఒప్పుకోను. బీహార్ 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇస్తే, హైస్కూల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగారని ఆర్థికవేత్తలు మురళీధరన్, ప్రకాశ్ లెక్కతేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో సైకిళ్లు వచ్చాయి. ఆటో డబ్బులు లేక, తోడొచ్చేవాళ్లు లేక ఏడో తరగతితో ఆగిపోవాల్సిన చదువు రెండు చక్రాలమీద పక్క ఊరిదాకా పోయింది. చెల్లెళ్లూ, భయపెట్టిగానీ జరిమానా వేసిగానీ మిమ్మల్ని ఆ సైకిల్ దింపే హక్కు ఎవరికీ లేదు. ఆ మాట చెప్పాల్సింది మీరే, సైకిల్ మీదే కూర్చుని.

హెల్మెట్ వద్దనేవాళ్లు ఎప్పుడూ ఎత్తే ప్రయోగం ఒకటుంది, చెప్పకపోతే అన్యాయం. 2006లో బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయం పరిశోధకుడు ఇయాన్ వాకర్ తన సైకిల్‌కు దూరం కొలిచే పరికరం కట్టుకుని తిరిగాడు. హెల్మెట్ పెట్టుకున్నప్పుడు కార్లవాళ్లు సగటున 8.5 సెంటీమీటర్లు దగ్గరగా వచ్చి దాటారని చెప్పాడు. ఆడమనిషిలా కనిపించేలా పొడుగు జుట్టు విగ్గు పెట్టుకుంటే ఎడంగా పోయారట! ఆ ప్రయోగంలోనే ఒక బస్సు, ఒక లారీ ఆయన్ని గుద్దాయి కూడా. అవే కొలతలను మళ్లీ లెక్కగట్టినవాళ్లు, ప్రమాదం తెచ్చేంత తేడా కాదని తర్వాత వాదించారు. నాకూ అంతే అనిపిస్తుంది. నాలుగు వేళ్ల వెడల్పు కోసం తలను ఖాళీగా వదిలేయను. అయితే ఆ ప్రయోగం ఒక పని చేసింది, కొలిచే టేపును సైక్లిస్టు తలమీదినుంచి డ్రైవరు వైపు తిప్పింది. మన పేపర్లలో ‘హెల్మెట్ లేకపోవడంతో’ అన్న ఒక్క ముక్కతో వార్త ముగిసిపోతుంది. ఆ లారీ ఎంత వేగంలో ఉంది, రోడ్డు అంచు ఎందుకు కోసుకుపోయింది, వీధిదీపం ఎన్నాళ్లుగా వెలగడం లేదు అని అడిగేవాళ్లు ఉండరు.

అడిగిన పిల్లలు ఒకచోట ఉన్నారు. నెదర్లాండ్స్ అనగానే జనాభాకంటే సైకిళ్లు ఎక్కువున్న దేశం, హెల్మెట్ లేకుండా హాయిగా తిరిగే దేశం అంటారు. పుట్టుకతో అలా లేదు. 1971లో ఆ చిన్న దేశంలో సుమారు 3,300 మంది రోడ్డుమీద చచ్చిపోయారు, అందులో పిల్లలే నాలుగొందలకు పైన. కూతుర్ని అలా పోగొట్టుకున్న జర్నలిస్టు విక్ లాంగెన్‌హాఫ్ 1972లో ‘పిల్లల హత్యలు ఆపండి’ అని రాశాడు. ప్రమాదం అనలేదు, హత్య అన్నాడు. ఆ మాటే ఉద్యమం పేరైంది. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ప్రమాదాలు జరిగే చోట్ల రోడ్డుమీద కూర్చున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో డీ పైప్ అనే ఇరుకు పేటలో బడిపిల్లలే వీధి మూయమని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించారు. వాళ్లు సాధించుకున్న వేరుదారుల మీద, తగ్గించిన వేగాల మీద ఈనాడు అక్కడివాళ్లు ఉత్త తలతో తిరుగుతున్నారు. ఆ తల చూసి మనం కూడా హెల్మెట్ మానేస్తామనడం, వాళ్ల గొడుగు చూసి మన వానలో తడవడం లాంటిది. ఆ దారులు మనకు ఇంకా రాలేదు. వచ్చేదాకా పెట్టుకోండి, రావాలని అడగండి.

పెట్టుకునే రోజు క్లాసులో నవ్వుతారు. ‘‘సైకిల్‌కి హెల్మెట్టేంట్రా, కలెక్టర్ గారొచ్చారు, లేచి నిలబడండి’’ అంటారు. అననివ్వండి. మొదటివాడిని చూసి నవ్వుతారు, అయిదోవాడిని చూసి ఎంతకు కొన్నావని అడుగుతారు. ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి, నెత్తి వెనక్కి తోసేస్తే నుదురు ఖాళీ. పట్టీలు చెవుల కింద కలవాలి, గడ్డం కింద రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. కొప్పుమీద హెల్మెట్ కూర్చోదు, జడ కిందికి వేసుకోండి. చున్నీ కొస నడుముకు ముడేసుకోండి, చైనులో పడితే ఏ హెల్మెట్టూ కాపాడదు. మోటారు సైకిల్ హెల్మెట్ తెచ్చి పెట్టుకోకండి, ఎండాకాలంలో రెండు వీధులు దాటేలోపు తీసి పారేస్తారు. రాంగ్ రూట్‌లో తొక్కకండి. వెనక మడ్‌గార్డుకు మెరిసే ఎర్ర స్టిక్కరు అంటించండి, ఇరవై రూపాయల పని.

ఇక అడగడం. మీ బడి ముందు రోడ్డుకు ఒక టేపు పట్టుకుని వెళ్లండి. తారు అంచుకూ మట్టికీ మధ్య ఎంత లోతు తెగిందో కొలవండి. బడి వదిలే అరగంటలో ఎన్ని లారీలు పోయాయో ఇద్దరు కూర్చుని గీతలు గీయండి. నీళ్లు నిలిచే గుంటను వానకు ముందు ఒక ఫొటో, వాన తర్వాత ఒక ఫొటో తీయండి. సోమవారం కలెక్టరేటుకు పొండి. తెలంగాణలో ప్రజావాణి అంటారు, ఆంధ్రలో గ్రీవెన్స్ అంటారు, ఎక్కడైనా క్యూ ఒకటే. అర్జీలో ‘దయచేసి’ ఒక్కసారి చాలు. సైకిళ్లూ నడిచేవాళ్లూ ఉండే చోట బండ్ల వేగం 30 దాటకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో ప్రపంచ దేశాల మంత్రుల సదస్సు ప్రకటించింది, ఆ మాట రాయండి. రసీదు తీసుకోండి. నెల తర్వాత రసీదు పట్టుకుని మళ్లీ పొండి. ‘‘ముందు మీరు హెల్మెట్ పెట్టుకోండమ్మా’’ అని ఏ ఆఫీసరైనా అంటే, చేతిలో ఉన్న హెల్మెట్ ఆయన బల్లమీద పెట్టండి. ‘‘మేం పెట్టుకున్నామండీ, ఇక మీ వంతు’’ అనండి. ఆ మాట అనగలగడం కోసమైనా పెట్టుకోండి!

మొన్న జూన్‌లో ఆ స్నేహితుడి ఇంటికి వెళ్లాను. వాడి మనవరాలు తొమ్మిదిలోకి వచ్చింది, సైకిల్ వచ్చింది. తాతగారు టౌనుకు పోయి హెల్మెట్ తెచ్చారు, లోపల ప్రమాణం స్టిక్కరు చూసి, బేరమాడకుండా. దాని సంచిలో ఒక కాగితం మడత కనిపించింది, బడి ముందు స్పీడ్ బ్రేకర్ కావాలని నలభైకి పైగా సంతకాలు, సగం ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో. ఆ పిల్ల పెట్టెలోంచి హెల్మెట్ తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ‘‘తాతయ్యా, కొత్త వాసన!’’ అంది.

వాడు దాన్ని అందుకుని రెండు చేతులా పట్టుకుని, అలవాటు కొద్దీ ముక్కుకు ఆనించుకున్నాడు. ఒక్క క్షణం ఆగి తిరిగి ఇచ్చేశాడు.

‘‘ఎట్లా ఉందో చెప్పవే’’ అన్నాడు.

అది కాసేపు ఆలోచించింది. ‘‘కొత్త చెప్పుల పెట్టె తెరిచినట్టుంది తాతయ్యా’’ అని, పట్టీ బిగించుకుని, బెల్లు కొట్టుకుంటూ వీధి మలుపు తిరిగింది.